రాజ్యచిహ్నమును తీర్చిన విదుషి లిన్ హుయీన్

చీనా ప్రజాగణతంత్రపు రాజ్యచిహ్నమును మనము చిత్రములలోనైనను చూచియే యుందుము. ఎఱ్ఱని నేలపై బంగారువన్నె తియానన్‌మెన్ ద్వారము, దానిపై ఐదు నక్షత్రములు, చుట్టును వరి, గోధుమ కంకులు, అడుగున పండ్లచక్రము అందు కానవచ్చును. దానిని రూపొందించినవారిలో లిన్ హుయీన్ అను విదుషి యొకతె యని మనలో ఎఱిగినవారు తక్కువ.

ఆమె 1904లో హాంగ్‌ఝౌ నగరమున జన్మించెను. 1924లో రవీంద్రనాథ ఠాకూరు చీనా దేశమున పర్యటించినపుడు, ఆయన జన్మదినోత్సవమున ప్రదర్శించిన చిత్ర నాటకమున నాయిక పాత్రను ధరించినది ఈమెయే. ఆ యేడే అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చట వాస్తుశాఖలో స్త్రీలకు ప్రవేశము లేదు. కావున లలితకళా విభాగమున చేరి, వాస్తుపాఠములను గూడ అభ్యసించెను. 1927లో ఆమెకు లభించినది లలితకళల పట్టము మాత్రమే.

స్వదేశమునకు మరలి, భర్త లియాంగ్ సిచెంగ్‌తో ఊరూర తిరిగి ప్రాచీన కట్టడములను కొలిచి చిత్రించెను. 1937లో వుతాయ్ పర్వతప్రాంతమున ఫోగ్వాంగ్ ఆలయపు దూలముపై మాసిన సిరావ్రాతను మొదట గుర్తించినది ఆమెయే. ఆ ఆధారమున ఆ దారుమందిరము క్రీ. శ. 857 నాటిదని తేలెను. పిదప యుద్ధము వచ్చెను. క్షయరోగము ఆమెను మంచము పట్టించెను.

1949లో నూతన ప్రభుత్వము రాజ్యచిహ్నమునకై చిత్రములను ఆహ్వానించెను. వచ్చినవేవియు తృప్తి నీయలేదు. అంతట చింగ్హువా విశ్వవిద్యాలయ బృందమును, లలితకళాశాల బృందమును ఆ పనికి పూనుకొనెను. ఆమె తొలి చిత్రమునకు ప్రాచీనమైన పచ్చరాతి వలయము ఆధారము. పిమ్మట తియానన్‌మెన్‌ను చేర్పవలసినదని పెద్దలు కోరిరి. 1919 నాటి విద్యార్థి ఉద్యమమునకును, 1949 నాటి రాజ్యప్రకటనమునకును ఆ ద్వారమే రంగస్థలము. చింగ్హువా బృందము దానిని దృశ్యచిత్రముగా గాక, వాస్తుశిల్పి గీయు ముఖచిత్రమువలె ఎదురుగా నిలిపి, ఎరుపు, పసిడి అను రెండు వన్నెలతోనే ముగించెను. కంకులు కర్షకులకు, చక్రము కార్మికులకు గుర్తులు. 1950 జూనులో ఆ రూపము ఎంపికయ్యెను. శిల్పి గావ్ ఝువాంగ్ దానిని ఉబ్బెత్తు శిల్పముగా మలచెను. సెప్టెంబరు 20న అది ప్రకటితమయ్యెను.

ఆ ద్వారమున్న బీజింగు నగరపు పాత ప్రాకారములను కూల్చవలదని, వాటిపై ప్రజలకు ఉద్యానములు నిర్మింపవచ్చునని ఆ దంపతులు వాదించిరి. ఆ మాట చెల్లలేదు. 1955 ఏప్రిల్ 1న ఆమె కన్నుమూసెను. అనంతరము గోడలు చాలవఱకు నేలమట్టమయ్యెను. సాంస్కృతిక విప్లవకాలమున సమాధిపై ఆమె పేరును సైతము చెక్కివేసిరి. ప్రజావీరుల స్మారకస్తంభమునకై ఆమె గీసిన పూలదండ శిల్పము మాత్రము ఆ సమాధిపై నిలిచియున్నది.

నాడు నిరాకరింపబడిన వాస్తుపట్టమును పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము 2024లో ఆమెకు మరణానంతరము ప్రదానము చేసెను. ఆ విద్యకు ఫలమైన చిహ్నము అప్పటికి డెబ్బది నాలుగేండ్లుగా ఒక మహాదేశమునకు గుర్తుగా నిలిచియుండెను.