సుబ్బారావుగారి గొట్టం మాత్ర

కిందటేడు మా అత్తగారికి చిగుళ్ళ జబ్బు వచ్చింది. వచ్చింది అనడం తప్పేమో! ఎప్పట్నుంచో ఉన్నదే, కిందటేడు బయటపడింది. పొద్దున్నే పళ్ళు తోముకుని ఉమ్మేస్తే ఎర్రగా పడేది. ఆవకాయ కారం తగిలిందనుకుని ఊరుకునేవారు. కింది వరసలో ముందు పళ్ళు రెండు నాలుకతో నెడితే కదలడం మొదలెట్టాక గానీ మాతో అనలేదు. మొదట చూపించిన చోట చిగురు కోసి శుభ్రం చేసి కుట్లు వెయ్యాలన్నారు. అసలే షుగరు మనిషి. కోత అన్నమాట చెవిన పడ్డాక రెండ్రోజులు ఆవిడకి అన్నం సహించలేదు.

అప్పుడు అమలాపురంలోనే ఇంకో పళ్ళ డాక్టరమ్మగారి దగ్గరకి తీసుకెళ్ళాను. ఆవిడ గీతలున్న సన్నటి కడ్డీ ఒకటి పట్టుకుని ప్రతి పంటి చుట్టూ ఆరు చోట్ల, చిగురుకీ పంటికీ మధ్య మెల్లిగా దింపి, ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో పక్కనున్న అమ్మాయిచేత రాయించారు. 3 దాకా అయితే ఫరవాలేదట. మా అత్తగారికి చాలా చోట్ల 5, 6 ఉంది. కడ్డీ తీసిన చోటల్లా రక్తం. ఎక్స్‌రేలో పళ్ళ మధ్య ఎముక కాస్త కరిగినట్టు కనిపించింది. పంటిమీది పాచి గట్టిపడి గారవుతుందనీ, అది చిగురు కిందికి దిగి సంచిలా అవుతుందనీ, గాలి సోకని ఆ సంచిలో బాక్టీరియా కాపురం పెడుతుందనీ, అదే పయోరియా అనీ వివరంగా చెప్పారు. ముందు కోత లేకుండా చూద్దాం, తగ్గకపోతే అప్పుడు ఆలోచిద్దాం అన్నారు. తిమ్మిరి ఇంజెక్షనిచ్చి, రెండు దఫాలుగా పంటి వేళ్ళ దాకా గార తీశారు. చాలామందికి ఈ శుభ్రం చెయ్యడమే సరిపోతుందట. మా అత్తగారి లోతులూ షుగరూ చూసి మాత్రం కొన్ని రోజులకి డాక్సీసైక్లిన్ అనే గొట్టం మాత్రలు రాశారు. చీటీ నా చేతికిస్తూ, ఈ మందుల వంశానికి పెద్దాయన మీ గోదావరి అవతల ఒడ్డువారేనండీ, యల్లాప్రగడ సుబ్బారావుగారు అన్నారు.

పేరు విన్నదే. చిన్నప్పుడు బళ్ళో ఎక్కడో చదివిన గుర్తు. అంతకు మించి నాకేం తెలుసు? సిగ్గనిపించి, దొరికినవన్నీ తెచ్చి చదివాను.

మా రాజోలు వైపు నుంచి చించినాడ వంతెన దాటి, పాలకొల్లు మీదుగా వెళితే భీమవరం. సుబ్బారావుగారు 1895 జనవరి 12న అక్కడే పుట్టారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. ఇంట్లో పిల్లలెక్కువ, డబ్బు తక్కువ. మన కుర్రాడికేమో చదువు మీద ధ్యాస లేదు. పదమూడో ఏట ఒక చుట్టాలబ్బాయితో కలిసి ఇంట్లోంచి పారిపోయాడు. కాశీ వెళ్ళి యాత్రికులకి అరటిపళ్ళమ్మి డబ్బు గడిద్దామని! వెంకమ్మగారు వెనక్కి పట్టుకొచ్చి మళ్ళీ బళ్ళో కూర్చోబెట్టారు. మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పాడు. భర్త పోయినా ఆవిడ పట్టు వదల్లేదు, నగలమ్మి చదివించారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్లో గట్టెక్కాడు. ఆ తల్లి విసుగెత్తి ఏ కొట్లోనో గుమాస్తాగా పెట్టేస్తే ఏమయ్యేదా అని నాకు చదువుతున్నంతసేపూ ఒకటే ఆలోచన.

మద్రాసులో ప్రెసిడెన్సీ కాలేజీలో ఉండగా రామకృష్ణ మఠం వైపు మనసు లాగింది. సన్యాసం పుచ్చుకుంటానన్నాడు. తల్లి ఒప్పుకోలేదు, తల్లి అనుమతి లేందే మఠం వాళ్ళూ ఒప్పుకోలేదు. సేవే చెయ్యాలనుంటే వైద్యం చదవమన్నారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కోటు తొడుక్కుని ఆపరేషను గదికి వెళితే శస్త్రచికిత్స చెప్పే దొరగారికి కోపమొచ్చింది. ఫలితం ఏమంటే, చదువంతా బాగా చదివినా చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా. సర్కారు కొలువు దొరకలేదు. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పడానికి కుదిరారు.

ఈ లోపల ఇంట్లో పిడుగు పడింది. అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో పోయారు. ఇద్దరికీ ఒకటే జబ్బు, స్ప్రూ. మన పెద్దవాళ్ళు గ్రహణి అనేవారే, అలాంటిది. తిన్నది ఒంటబట్టదు, రక్తం విరిగిపోతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు. ఆ జబ్బు సుబ్బారావుగారికీ వచ్చింది. ఆయన్ని లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యం నిలబెట్టింది. ఇలాంటి జబ్బులకి మందు కనిపెట్టాలన్న పట్టుదల ఆయనకి అక్కణ్ణుంచే మొదలైందంటారు.

1919లో అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి అమ్మాయి శేషగిరిగారితో పెళ్ళయింది. ఆవిడ అప్పటికి చిన్నపిల్ల. అమెరికా ప్రయాణానికి మామగారు సాయం చేశారు, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకరు ధర్మసంస్థ చెయ్యి కలిపింది. మూడేళ్ళలో వచ్చేస్తానని భార్యకి చెప్పి 1922లో బోస్టను చేరారు. ఆ మూడేళ్ళు ఎప్పటికీ పూర్తి కాలేదు. ఆయన వెళ్ళాక కొడుకు పుట్టాడు, ఏడాది నిండకుండానే పోయాడు. ఆ బిడ్డ మొహం తండ్రి చూడనే లేదు. ఆయన గురించి రాసినవాళ్ళంతా హార్వర్డు గురించీ, మందుల గురించీ పేజీలు నింపుతారు, అనపర్తిలో ఉండిపోయిన శేషగిరిగారి గురించి నాలుగు వాక్యాలు కూడా ఉండవు. ఇరవై ఆరేళ్ళు ఉత్తరాల మీద కాపురం చేసిన ఇల్లాలు! ఆయన గొప్పతనం నేను కాదనను. దానికి మూల్యం చెల్లించిన వారిలో ఆవిడా ఉందని మాత్రం మనం మర్చిపోకూడదనిపిస్తుంది.

అక్కడ ఆయనేమీ సుఖపడలేదు. చదువుకుంటూనే రాత్రిళ్ళు ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలెత్తి పోసే కూలి పని చేశారు. పగలు హార్వర్డులో ఫిస్కే అనే ఆచార్యుడి దగ్గర పరిశోధన. రక్తంలో భాస్వరం ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఈనాటికీ బయోకెమిస్ట్రీ చదివే పిల్లలకి ఆ పద్ధతి ఇద్దరి పేర్లతోనే తెలుసు. మన ఒంట్లో ప్రతి కదలికకీ శక్తినిచ్చే ఏ.టి.పి. అనే పదార్థాన్ని 1929లో వాళ్ళు కనుక్కున్నారు. అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా కనుక్కున్నాడు. ఇంత చేసినా హార్వర్డు ఆయనకి స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్కు దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరి, పరిశోధన విభాగానికి పెద్ద అయ్యారు.

ఆ ఎనిమిదేళ్ళలో అక్కణ్ణుంచి వచ్చిన మందుల జాబితా చూస్తే కళ్ళు తిరుగుతాయి. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూ జబ్బుకి అది పని చేసింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన ఆ జబ్బుకి! బోదకాలుకి హెట్రజాన్ వచ్చింది. ఇది చదివి నేను కాసేపు పుస్తకం మూసేశాను. మా చిన్నప్పుడు కోనసీమలో ఏ వీధిలో చూసినా ఏనుగు కాలున్న ముసలమ్మ ఒకావిడ అరుగు మీద కూర్చుని ఉండేది. మనకి ఊళ్ళలో పంచిన డి.ఇ.సి. మాత్రలు అవే మరి. పసిపిల్లల రక్త కాన్సరుకి బోస్టనులో ఫార్బర్ డాక్టరు వాడిన అమినోప్టెరిన్ కూడా ఆ ప్రయోగశాలదే.

ఇక మా అత్తగారి మాత్ర సంగతి. డగ్గర్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు ఉద్యోగ విరమణ అయ్యాక, డెబ్బై దాటిన వయసులో లెడర్లీలో పని చేస్తుండేవాడు. ఎక్కడెక్కడి నుంచో తెప్పించిన మట్టి పొట్లాల్లో సూక్ష్మజీవుల్ని వెతకడం ఆయన పని. మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలంలోని మట్టిలో బంగారు రంగు జీవి ఒకటి దొరికింది. దాన్నుంచి తీసిందే ఆరియోమైసిన్. పెన్సిలిన్ అప్పట్లో ఎక్కువగా సూదిమందే, ఇది నోటితో మింగచ్చు, పెన్సిలిన్‌కి లొంగని ఎన్నో బాక్టీరియాల మీద పని చేస్తుంది. కనిపెట్టింది డగ్గర్, ఆ పనంతా నడిపించింది సుబ్బారావుగారు. మనవాడన్న అభిమానంతో డగ్గర్ పేరు మింగెయ్యడం న్యాయం కాదు. 1948లో దాన్ని లోకానికి ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి పోయారు. 53 ఏళ్ళు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు, తిరిగి భీమవరమూ రాలేదు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వేసింది.

ఆరియోమైసిన్ చెల్లెళ్ళే టెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్. చిగుళ్ళ డాక్టర్లకి ఇవి నచ్చడానికి కారణముంది. మింగినది రక్తంలోంచి చిగుళ్ళ సంచిలో ఊరే నీటిలోకి చేరుతుంది. పైగా ఎముకనీ చిగురునీ కరిగించే రసాయనాన్ని కూడా అదుపు చేస్తుంది. బాక్టీరియాని చంపనంత చిన్న మోతాదు, 20 మిల్లీగ్రాములు, ఈ రెండో పని కోసమే వాడడానికి 1998లో అమెరికాలో అనుమతించారు. సంచిలోనే పెట్టే జెల్లులూ ఉన్నాయి. అయితే గార తియ్యకుండా ఉత్త మాత్రలు మింగితే మళ్ళీ మొదటికే వస్తుంది. పైన గట్టి గోడ కట్టుకుని కూర్చున్న బాక్టీరియాని మాత్రొక్కటే ఏం చేస్తుంది?

రెండు నెలల తర్వాత మళ్ళీ కడ్డీతో కొలిచారు. 5, 6 ఉన్న చోట్ల చాలావరకు 3, 4కి వచ్చింది. రక్తం ఆగింది. ముందు పళ్ళు బిగిశాయి, పూర్తిగా కాదు. వెనక దవడ పన్ను ఒకటి మాత్రం 6 దగ్గరే ఉంది, దానికి కోత తప్పకపోవచ్చన్నారు. మూడు నెలలకోసారి రమ్మన్నారు. ఈసారి మా అత్తగారు తనే తయారై కూర్చున్నారు.

ఆ రోజుల్లోనే పక్కింటి అమ్మాయి వచ్చింది. పురిటికి పుట్టింటికి చేరింది, నాలుగో నెల. చిగుళ్ళు ఉబ్బి రక్తం వస్తోందిట. అత్తయ్యగారికి తగ్గిందిగా పిన్నీ, మిగిలిన మాత్రలుంటే రెండివ్వు అంది. ఆవిడ కోర్సంతా వాడేశారు, మిగల్లేదు. మిగిలినా ఇచ్చేదాన్ని కాదు. కడుపుతో ఉన్నవాళ్ళూ, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలూ ఈ వంశం మందులు మింగితే బిడ్డ పళ్ళు పసుపు, బూడిద రంగు తేలిపోతాయి. తెలియక వాడిన రోజుల్లో ఎందరో పిల్లల నవ్వు అలా పాడైంది. కడుపుతో ఉండగా చిగుళ్ళు ఉబ్బడం మామూలేననీ, నాలుగో నెలలో పళ్ళు శుభ్రం చేయించుకోవడం భయపడాల్సింది కాదనీ చెప్పి, అదే డాక్టరమ్మగారి దగ్గరకి పంపాను. వెళుతూ గుర్తొచ్చినట్టు పర్సులోంచి ఒక చిన్న పసుపు మాత్ర తీసింది. పురుళ్ళ డాక్టరుగారు రాశారు, ఇదేనా వేసుకోవచ్చా అని అడిగింది. చూస్తే ఫోలిక్ ఆసిడ్. అదీ సుబ్బారావుగారిదే. మంచినీళ్ళు తెచ్చిచ్చి అక్కడే మింగించాను.