పేరులేని సమాధి: జోష్ గిబ్సన్

1972లో అమెరికా బేస్‌బాల్ కీర్తిమందిరంలో జోష్ గిబ్సన్ పేరు చేరింది. అప్పటికి ఆయన మరణించి పాతికేళ్లయింది. పిట్స్‌బర్గ్ నగరపు అల్లెఘేనీ శ్మశానవాటికలోని ఆయన సమాధిపై మాత్రం పేరు లేదు. అక్కడ రాయి నిలిచినది 1975లోనే.

గిబ్సన్ 1911 డిసెంబరు 21న జార్జియా రాష్ట్రంలోని బ్యూనా విస్టాలో జన్మించాడు. తండ్రి ఉక్కు కర్మాగారంలో పని వెదకుకొనుచు పిట్స్‌బర్గ్ చేరగా కుటుంబమూ వెంట వెళ్లింది. 1930లో ఆయన హోమ్‌స్టెడ్ గ్రేస్ జట్టులో చేరాడు. ఆ ఆగస్టులోనే భార్య హెలెన్ కవలలను కని కన్నుమూసింది. బిడ్డలు బ్రదికారు. తండ్రికి అప్పటికి పందొమ్మిదేళ్లయినా నిండలేదు.

తెల్లవారి పెద్ద లీగులలో నల్లవారిని చేర్చుకొనరాదని వ్రాతపూర్వకమైన చట్టమేదీ లేదు. వ్రాయని ఒప్పందమే చట్టముకంటె గట్టిగా పనిచేసింది. కావున నల్లజాతి ఆటగాండ్రు తమ నీగ్రో లీగులు తామే నడుపుకొన్నారు. బస్సులలో ఊరూరు తిరిగి ఆడారు. అనేక హోటళ్లు వారికి గది ఇచ్చేవి కావు. గిబ్సన్ క్యాచర్, అనగా బ్యాటుదారుని వెనుక కూర్చుండి బంతిని అందుకొనువాడు. అయినా పేరు తెచ్చినది బ్యాటే. ఆయన కొట్టిన హోమ్ రన్‌లు (మన క్రికెట్ సిక్సర్‌కు దగ్గరివి) సుమారు 800 అని కీర్తిమందిరపు ఫలకం చెప్పుచున్నది. లీగు ఆటలను మాత్రమే లెక్కిస్తే రెండు వందలు దాటవు. లెక్క వ్రాసేవారు లేనిచోట కథలు పెరుగుట సహజమే. ఆయన ఘనతకు ఆ కథలతో పనిలేదు.

1943 ఆరంభంలో ఆయన స్పృహ తప్పి పడిపోయాడు. మెదడులో కణితి ఉన్నదని వైద్యులు తెలిపినా శస్త్రచికిత్సకు ఒప్పుకొనలేదు. ఆ ఏడే ఆయన బ్యాటింగు సగటు .466. పిమ్మట తలనొప్పులు, త్రాగుడు ఆయనను క్రుంగదీశాయి. 1945లో బ్రూక్లిన్ డాడ్జర్స్ యాజమాన్యం జాకీ రాబిన్సన్‌ను ఎన్నుకొన్నది. గిబ్సన్‌ను పిలిచినవారు లేరు. 1947 జనవరి 20న, ముప్పదియైదేండ్ల ప్రాయంలో, ఆయన మరణించాడు. మూడు నెలలు నిండకముందే, ఏప్రిల్ 15న, రాబిన్సన్ పెద్ద లీగు మైదానంలో అడుగుపెట్టాడు.

2024 మేలో పెద్ద లీగుల అధికారులు నీగ్రో లీగుల గణాంకాలను తమ గ్రంథంలో చేర్చుకొన్నారు. అప్పుడు .372 జీవిత సగటుతో గిబ్సన్, టై కాబ్‌ను దాటి మొదటి స్థానమున నిలిచాడు. అయితే ఆ గణనలో 1920 నుండి 1948 వరకు జరిగిన లీగు ఆటలే ఉన్నాయి. బస్సు దిగి, చిన్న ఊళ్లలో ఆడిన ఆటలు అందులో లేవు.