బడిపంతులు రహీం సాబ్

మౌలాలికి దగ్గర్లోని అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ప్రాక్టీసుకు హైదరాబాదు వెళ్లాలి. దారిఖర్చులకు డబ్బుల్లేవు. అది తెలిసి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం అద్దె సైకిలుకు తానే డబ్బులిచ్చారు.

1909లో హైదరాబాదులో పుట్టిన రహీం సాబ్ ఉస్మానియాలో చదివి, కాచిగూడ మిడిల్ స్కూలులో పాఠాలు చెప్పారు. సిటీ కాలేజీ విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసిన ‘ఎలెవెన్ హంటర్స్’ జట్టులో ఆడారు. (పూర్వ విద్యార్థులు సావనీర్లే కాదు, అప్పట్లో గోల్సూ వేసేవారన్నమాట!) డ్రిబ్లింగ్ చేయకూడని పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టేవారు. యంత్రాన్ని విప్పి ఒక్కో భాగాన్ని సరిచేసినట్టుండే ఈ పద్ధతి ఇంజనీరుగా నాకు మహా ఇష్టం. ఆయన చేతిలో సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951లో ఆసియా స్వర్ణం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

1962 జకార్తా నాటికి ఆయనకు క్యాన్సర్. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరసకు మార్చారు. ఫైనల్లో ఒక గోల్ అతనిదే. బలరాం కూడా ఆడాడు. కొరియాపై 2-1తో గెలిచాం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకదే ఆఖరు.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం సాబ్ కన్నుమూశారు. వయసు 53. ఇంచుమించు నా ఈడే.