షెడ్డులో మొదలైన ప్రయాణం: బ్రూస్ మెక్‌లారెన్ (1937–1970)

మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుడి జీవితం రాసివ్వమని తమ్ముళ్లు అడిగినప్పుడు మాకు ముందు తట్టిన పేర్లు వేరు. అంబేద్కర్ గారి గురించి, జాషువా గారి గురించి, కలాం గారి గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. రాయాలి కూడా. ఈసారి మేము మాత్రం చేతులకు గ్రీజు అంటిన మనిషి గురించి రాయాలనుకున్నాం.

దానికి కారణం ఉంది. మన హాస్టల్లో ఆదివారం వస్తే మెకానిక్ షెడ్డుకు పోయే తమ్ముళ్లు మా రోజుల్లోనూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. సోమవారం స్టడీ అవర్‌లో వాళ్ల చేతులు బల్ల కింద ఉంటాయి. సబ్బు ఎంత రుద్దినా గోళ్ల సందుల్లో నలుపు పోదు కదా! ఇక మా సంగతి. మాలో ఒకరి నాన్నది రోడ్డు పక్కన పంక్చర్ షాపు. పీజీలో చేరేటప్పుడు దరఖాస్తులో తండ్రి వృత్తి అన్నచోట మేమంతా కూర్చుని ఆలోచించి "వ్యాపారం" అని రాశాం. అబద్ధం కాదు, కానీ నిజమూ కాదు. అది ఇంకా మాకు గుచ్చుకుంటూనే ఉంది. బ్రూస్ మెక్‌లారెన్ గురించి చదివిన తర్వాత మరీ ఎక్కువగా గుచ్చుకుంది.

బ్రూస్ 1937 ఆగస్టు 30న న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నగరంలో పుట్టాడు. తండ్రి లెస్, తల్లి రూత్. రెమ్యురా అనే పేటలో వాళ్లకు పెట్రోలు బంకు, దాన్ని ఆనుకుని కార్లు బాగుచేసే వర్క్‌షాపు ఉండేవి. కాపురం ఆ గ్యారేజీ పైనే. తండ్రి కుర్రతనంలో మోటారు సైకిల్ పందేలు ఆడినవాడు. అంటే ఇది కటిక పేదరికం నుంచి పైకి వచ్చిన కథ కాదు. అలా చెప్పి మిమ్మల్ని మోసం చేయడం మాకిష్టం లేదు. వాళ్లకు తినడానికి ఉంది, పనిముట్లు ఉన్నాయి. లేనిది వేరే.

తొమ్మిదేళ్ల వయసులో బ్రూస్‌కు తుంటి దగ్గర నొప్పి మొదలైంది. పెర్థిస్ వ్యాధి అన్నారు డాక్టర్లు. తొడ ఎముక పైకొన బంతిలా ఉండి తుంటి గిన్నెలో తిరుగుతుంది. దానికి రక్తం సరిగా అందక ఎముక మెత్తబడిపోవడమే ఆ జబ్బు. అప్పట్లో చేసిన వైద్యం ఒకటే, కాలి మీద బరువు పడకుండా కదలకుండా పడుకోబెట్టడం. టకపూనాలో ఉన్న విల్సన్ హోమ్ అనే పిల్లల ఆశ్రమంలో, ఇనుప చట్రానికి కాళ్లు లాగి కట్టి, రెండేళ్ల దాకా ఉంచారు. హాస్టల్లో మొదటి రాత్రి ట్రంకు పెట్టె పక్కన పడుకుని ఏడ్చిన వాళ్లకు ఆ రెండేళ్లు ఎలాంటివో మేము వేరే చెప్పనవసరం లేదు. మనకు కనీసం లేచి పరుగెత్తే కాళ్లున్నాయి. బయటికి వచ్చాక ఎడమ కాలు కుడికాలి కన్నా అంగుళంన్నర పొట్టి అయింది. బతికినంత కాలం కుంటుతూనే నడిచాడు. ఆటల మైదానం అతనికి మూసుకుపోయినట్టే.

అప్పుడు వచ్చింది ఆ కారు. నిజానికి కారు రాలేదు, కారు ముక్కలు వచ్చాయి. లెస్ 110 పౌండ్లు పెట్టి 1929 నాటి ఆస్టిన్ సెవెన్ అల్‌స్టర్ అనే పాత కారును విడిభాగాలుగా కొనుక్కొచ్చాడు.

ఆస్టిన్ సెవెన్ గురించి నాలుగు మాటలు చెప్పాలి. 1922లో ఇంగ్లండులో మామూలు సంసారుల కోసం తయారు చేసిన చిన్న కారు అది. ఇంజను 747 సీసీ. మనం చూస్తూ పెరిగిన మారుతి 800 ఇంజను 796 సీసీ, అంటే దానికన్నా చిన్నది. చవక, తేలిక, విప్పడం బిగించడం సులువు. అందుకే 1939లో తయారీ ఆగిపోయాక కూడా పాత ఆస్టిన్లు కుర్రవాళ్ల చేతుల్లో పడి కొత్త కొత్త రూపాలు ఎత్తాయి. లోటస్ కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్ కూడా ఇంగ్లండులో ఒక పాత ఆస్టిన్ సెవెన్‌ను గ్యారేజీలో మార్చుకుంటూనే మొదలయ్యాడు. అల్‌స్టర్ అనేది అదే కారులో పందేల కోసం చేసిన రకం, తలుపులు కూడా లేని చిన్న బండి.

పాత కారును ఇంట్లో పెట్టుకుని బాగుచేసేవాళ్లలో రెండు రకాలు ఉంటారు. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో సరిగ్గా అలాగే నిలబెట్టాలనేవాళ్లు ఒక రకం. వచ్చిన దానికన్నా మెరుగ్గా పరుగెత్తించాలనేవాళ్లు రెండో రకం. మొదటి పని రాకుండా రెండో పని చేయబోతే బండి మధ్యలో ఆగిపోతుంది. తండ్రీ కొడుకులు మొదటి పనికి దాదాపు ఏడాది పెట్టారు. ముక్కలన్నీ చేర్చి కారు నిలబెట్టాక లెస్ తనే ఎక్కి ఒక చుట్టు తిప్పి వచ్చాడు. బండి అదుపులో ఉండటం లేదు, బ్రేకులు నమ్మేటట్టు లేవు, అమ్మేద్దాం అన్నాడు. ఆ కారుకు బ్రేకులు తీగలతో పనిచేస్తాయి, తీగ సాగితే అంతే సంగతులు. అమ్మవద్దని కొడుకు పట్టుబట్టాడు. పట్టు నెగ్గింది. ఇంటి వెనుక పెరట్లో పండ్ల చెట్ల మధ్య ఎనిమిది అంకె ఆకారంలో దారి చేసుకుని, తిరిగి తిరిగి బండి నడపడం నేర్చుకున్నాడు. 1952లో మురివాయి అనే సముద్రతీరం దగ్గర గుట్ట ఎక్కే పోటీలో ఆ అల్‌స్టర్‌నే నడిపి తన తరగతిలో గెలిచాడు.

తర్వాత రెండో పని మొదలైంది. ఇలాంటి చిన్న ఇంజనులో బలం పెంచాలంటే ముందుగా చూసేది సిలిండర్ హెడ్. పిస్టన్ పైకి వచ్చినప్పుడు పెట్రోలు ఆవిరి, గాలి కలిసి ఎంత చిన్న చోట నొక్కుకుపోతే మంట అంత గట్టిగా తోస్తుంది. అందుకని హెడ్ అడుగును చెక్కి పలచన చేస్తారు, లేదా లోపలి గుంటను కొంత పూడ్చి ఆకురాయితో మళ్లీ ఆకారం తెస్తారు. గాలి వెళ్లే దారుల్ని నున్నగా అరగదీస్తారు. ఎక్కువ చెక్కితే హెడ్ పగులుతుంది, తక్కువ చెక్కితే తేడా తెలియదు. ఎంత చెక్కాలన్నది పుస్తకంలో కొంత ఉంటుంది, మిగిలింది చేతికే తెలుస్తుంది. ఫిజిక్స్‌లో పీడనం, ఘనపరిమాణం పాఠం మేము పరీక్షకు రెండుసార్లు బట్టీ పట్టాం. ఇలాంటి హెడ్ ఒకటి చేత్తో పట్టుకుని ఉంటే ఒక్కసారితో సరిపోయేదేమో!

ఇక్కడ ఒక మాట. లెస్ తన కొడుక్కి ఇచ్చింది 110 పౌండ్ల కారు అని అందరూ రాస్తారు. మాకు అలా అనిపించదు. తన షెడ్డులోకి రానిచ్చాడు, పాడుచేస్తే చేయనిచ్చాడు, అదీ అతను ఇచ్చింది. మాలో ఒకరి నాన్న దీనికి పూర్తిగా వ్యతిరేకం. పిల్లవాణ్ణి షాపు దరిదాపులకు రానిచ్చేవారు కాదు. ఆ నలుపు తనతోనే పోవాలని మూడో తరగతిలోనే హాస్టల్లో వేశారు. ఆయన చేసింది తప్పని ఎలా అంటాం? ఆ హాస్టలే లేకపోతే ఈ వ్యాసమే లేదు. మొన్న సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ట్యూబు అతికించడం నేర్పమని అడిగితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పానా చేతికిచ్చి, ముందు చక్రం విప్పమన్నారు. అరగంట పట్టింది. ఆయనకైతే రెండు నిమిషాల పని.

మళ్లీ బ్రూస్ దగ్గరికి వద్దాం. ఆస్టిన్ తర్వాత ఫోర్డు భాగాలతో చేసిన బండి, ఆ తర్వాత తండ్రి వాడిన ఆస్టిన్ హీలీ, ఆపైన కూపర్ రేసు కారు నడిపాడు. చేతికి వచ్చిన ఏ కారునూ ఉన్నదున్నట్టు నడపలేదు. ఆక్లాండ్‌లో ఇంజనీరింగ్ చదువులో చేరాడు గాని పూర్తి చేయలేదు. (ఇది చూపించి చదువు మానేస్తామని వార్డెన్ గారి దగ్గరికి వెళ్లే తమ్ముళ్లకు మా పూచీ లేదు. బ్రూస్‌కు చదువు మానినా నడవడానికి గ్యారేజీ ఉంది.)

1958లో న్యూజిలాండ్ గ్రాండ్ ప్రీ సంఘం ఒక పథకం పెట్టింది. ప్రతిభ ఉన్న ఒక కుర్ర డ్రైవరును ఎంచి యూరప్ పంపడం దాని ఉద్దేశం. మొదట ఎంపికైనవాడు బ్రూస్. మన భాషలో చెప్పాలంటే స్కాలర్‌షిప్పు మీద వెళ్లాడు. ఆ సంఘం చేయి అందించకపోతే ఆ కుంటి కుర్రవాడు ఆక్లాండ్‌లోనే మంచి మెకానిక్‌గా మిగిలిపోయేవాడని మా నమ్మకం. ఆస్ట్రేలియాకు చెందిన పెద్ద డ్రైవరు జాక్ బ్రబామ్ కూడా అతణ్ణి వెన్ను తట్టి ముందుకు తోశాడు. ఇంగ్లండులో కూపర్ కంపెనీ వర్క్‌షాపుకు వెళితే అక్కడ కారు తయారుగా ఏమీ లేదు. భాగాలు ఏరుకుని తన కారు తానే బిగించుకున్నాడు. ముక్కల నుంచి కారు చేయడం అతనికి కొత్త కాదు కదా! ఆ ఆగస్టులోనే జర్మనీలో నూర్‌బుర్గ్‌రింగ్ పందెంలో చిన్న ఇంజన్ల తరగతిలో మొదటివాడుగా, మొత్తం మీద 5వ వాడుగా నిలిచాడు.

1959 డిసెంబరు 12న అమెరికాలోని సీబ్రింగ్‌లో జరిగిన గ్రాండ్ ప్రీ చివరి చుట్టులో ముందున్న బ్రబామ్ కారుకు పెట్రోలు అయిపోయింది. పెద్దాయన దిగి కారు తోసుకుంటూ 4వ స్థానంలో గీత దాటాడు. బ్రూస్ గెలిచాడు. అప్పటికి వయసు 22 ఏళ్ల 104 రోజులు. ఫార్ములా వన్ గ్రాండ్ ప్రీ గెలిచిన అతి చిన్నవాడన్న ఆ రికార్డు 2003 దాకా చెక్కు చెదరలేదు. మాకిప్పుడు 23. పోల్చుకోకూడదని తెలుసు, అయినా ఆ అంకె దగ్గర కాసేపు ఆగిపోయాం.

1960లో ప్రపంచ పోటీలో రెండో స్థానం, 1962లో మొనాకో విజయం. ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. మాకు ముఖ్యమైనది 1963 తర్వాతి కాలం. ఆ ఏడు తన పేరుతో సొంత సంస్థ పెట్టాడు. చిన్న షెడ్డు, కొద్దిమంది పనివాళ్లు. పోటీలో దించడానికి సొంతంగా తయారు చేసిన కారు ఏదీ ఇంకా లేదు. 1964లో జెరెక్స్ స్పెషల్ అనే వాడిన కారు కొన్నారు. అది పుట్టుకతో కూపర్ రేసు కారు. ఒక ప్రమాదంలో దెబ్బతిన్నాక అమెరికాలో వేరే యజమాని దాన్ని మార్చుకున్నాడు. బ్రూస్ మనుషులు దాని నడుం భాగాన్ని కోసేసి, కొత్త గొట్టాలతో చట్రం వెల్డింగ్ చేసి, అందులో ఓల్డ్స్‌మొబైల్ వారి అల్యూమినియం వీ8 ఇంజను దించారు. దొరికిన ఆకుపచ్చ పెయింటు పూశారు. ఆ అతుకుల బొంత కెనడాలోని మోస్‌పోర్ట్‌లో గెలిచింది. ఆక్లాండ్ షెడ్డులో అల్‌స్టర్‌కు చేసిన పనే, కాస్త పెద్ద ఎత్తున చేశారు.

ఇంకో సంఘటన మాకు చాలా ఇష్టం. ఒక కారును పరీక్షిస్తుండగా ముందు వైపు పెట్రోలు మూత గాలికి టపటపా కొట్టుకోవడం గమనించాడు. వేగం పెరిగితే పైనుంచి గాలి నొక్కి మూత కదలకుండా ఉండాలి. ఇది ఎందుకు ఎగురుతోంది? లోపల గాలి చిక్కుకుని బయటికి పోలేక మూతను తోస్తోందని అర్థమైంది. వెంటనే కారు ఆపి, రేకులు కోసే కత్తెర తెచ్చి, రేడియేటర్ వెనుక బాడీని కోసేశాడు. మళ్లీ ఎక్కి తిప్పితే చుట్టు సమయం తగ్గింది. వేరేవాళ్లయితే మూత బిగించి ఊరుకునేవాళ్లు.

1966లో క్రిస్ ఆమన్‌తో కలిసి ఫోర్డు కారు మీద లీ మాన్స్ 24 గంటల పందెం గెలిచాడు. 1968 జూన్‌లో బెల్జియంలో తన పేరున్న కారును తానే నడిపి గ్రాండ్ ప్రీ గెలిచాడు. ముందున్నవాడు పెట్రోలు కోసం ఆగిన సంగతి తెలియక, గెలిచినట్టు మరొకరు చెబితేగాని అతనికి తెలియలేదు. ఉత్తర అమెరికాలో కాన్ ఆమ్ పోటీల్లో 1969లో జరిగిన 11 పందేలనూ బొప్పాయి రంగు మెక్‌లారెన్ కార్లే గెలిచాయి. అందులో 6 బ్రూస్‌వి, 5 అతని దేశస్థుడు డెనీ హల్మ్‌వి.

ఇన్ని గెలిచినా కొత్త కారు తయారైతే పరీక్షించే పనికి తానే దిగేవాడు. 1970 జూన్ 2న ఇంగ్లండులోని గుడ్‌వుడ్‌లో కొత్త ఎం8డి కారును అలాగే తిప్పుతున్నాడు. తిన్నని దారిలో మంచి వేగం మీద ఉండగా ఇంజను మీది వెనుక భాగం బాడీ ఊడిపోయింది. కారును నేలకు నొక్కి ఉంచే గాలి బలం ఒక్కసారిగా పోయింది. బండి గిర్రున తిరిగి దారి పక్కనున్న కట్టడానికి కొట్టుకుంది. బ్రూస్ అక్కడికక్కడే చనిపోయాడు. వయసు 32. ఇంట్లో భార్య ప్యాటీ, చిన్న కూతురు అమాండా. జీవితమంతా ముక్కల్ని బిగించినవాడు, ఒక ముక్క ఊడటం వల్ల పోయాడు. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో మాకు తెలియలేదు.

12 రోజుల తర్వాత, జూన్ 14న, మోస్‌పోర్ట్‌లో అదే రకం కార్లు రెండు పందేనికి వచ్చాయి. ఒకటి డాన్ గర్నీ నడిపి గెలిచాడు. రెండోది నడిపిన హల్మ్‌కు మేలో ఇండియానాపోలిస్‌లో కాలిన చేతులు ఇంకా మానలేదు. అయినా పందెం పూర్తి చేశాడు, ఆ ఏడాది కాన్ ఆమ్ టైటిల్ కూడా అతనిదే. సంస్థ నిలబడింది. 1974లో మొదటిసారి, ఆ తర్వాత ఎన్నోసార్లు ఫార్ములా వన్ టైటిళ్లు తెచ్చుకుంది. 2024లో జట్ల టైటిల్ మళ్లీ దానిదే.

ఇంగ్లండులోని వోకింగ్‌లో ఇప్పుడు ఆ సంస్థకు పెద్ద అద్దాల భవనం ఉంది. గెలిచిన రేసు కార్లను వరుసగా నిలిపిన పొడవాటి వసారా ఒకటి అందులో ఉంది. ఆ కార్లతో పాటే, నడుం ఎత్తు కూడా సరిగ్గా రాని 747 సీసీ పాత ఆస్టిన్ సెవెన్ అల్‌స్టర్ కూడా అక్కడే ఉంది. లెస్ అమ్మేద్దామన్న కారు అదే.