పండిత్ కుంజ్రూ – అడిగే హక్కు

మన గ్రౌండులో ఎన్.సి.సి. పరేడ్ చేసే మిత్రులకు ఒక సంగతి మనవి చేస్తాను. ఆ సంస్థను స్థాపించాలని సిఫారసు చేసిన 1946 నాటి కమిటీకి అధ్యక్షుడు సైనికాధికారి కాడు. ఆయన పండిత్ హృదయనాథ్ కుంజ్రూ. దేశరక్షణ గురించి చదవడం, అడగడం మామూలు పౌరుడి హక్కు కూడా అని నాకు బోధపడింది ఆయన జీవితం వల్లనే.

ఆయన 1887లో పుట్టారు. తండ్రి అయోధ్యానాథ్ అలహాబాదులో పేరుమోసిన వకీలు, కాంగ్రెస్ నాయకుడు. కొడుకు మాత్రం ప్రాక్టీసు జోలికి పోకుండా 1909లో గోఖలే గారి భారత సేవక సమాజంలో చేరిపోయారు. 1936 నుంచి కన్నుమూసేదాకా దానికి అధ్యక్షులు. బ్రిటిషువాళ్ల కాలంలోనే, సైన్యంలో భారతీయులు అధికారులు కావాలని చట్టసభల్లో పట్టుబట్టారు.

అయితే గొంతు ఒక్కటీ ఉంటే చాలదు, అంకెలూ ఆధారాలూ కావాలి. సర్కారు చెప్పిందే వినవలసివస్తే చర్చ ఎక్కడిది? 1943లో సర్ తేజ్ బహదూర్ సప్రూ అధ్యక్షతన ఢిల్లీలో ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ వరల్డ్ ఎఫైర్స్ ఏర్పడింది. అది ప్రభుత్వ శాఖా కాదు, పార్టీ ఆఫీసూ కాదు. దాని స్థాపకుల్లో కుంజ్రూ ఒకరు. తర్వాత చాలా ఏళ్లు అధ్యక్షులుగా ఉన్నారు. 1947లో ఆసియా సంబంధాల మహాసభ జరిపింది ఈ సంస్థే. 1955లో అది అంతర్జాతీయ విషయాల అధ్యయనానికి ప్రారంభించిన స్కూలే 1970లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కలిసింది.

1952 నుంచి 1962 దాకా రాజ్యసభలో ఆయన ఏ పార్టీకీ కట్టుబడని సభ్యులు. ఉత్తర సరిహద్దు మాటేమిటి, సైన్యం సిద్ధంగా ఉందా అని అడుగుతుండేవారు. అలాంటి ప్రశ్నలు ఎంత అవసరమో 1962 చైనా యుద్ధం చెప్పింది. 1965లో రక్షణ అధ్యయనానికంటూ ఐ.డి.ఎస్.ఎ. వచ్చింది. కాని అది రక్షణ శాఖ గ్రాంటుతో నడిచే సంస్థ.

మన తెలుగువాళ్లకు ఆయన మరోరకంగా తెలుసు. ఫజల్ అలీ కమిషన్ ముగ్గురు సభ్యుల్లో ఒకరు. తెలంగాణను అప్పటికి వేరే రాష్ట్రంగా ఉంచాలని 1955లో ఆ కమిషన్ రాసింది. ప్రభుత్వం మరోలా నిర్ణయించింది.

1968లో భారతరత్న ఇస్తామంటే వద్దన్నారు. ఇలాంటి బిరుదులు కూడదని తాను రాజ్యాంగసభలో వాదించిన మాటకు కట్టుబడ్డారు. 1978లో కన్నుమూశారు.

ఆయన పెంచిన కౌన్సిల్ కాలక్రమంలో తగాదాల్లో చిక్కుకుంది. 2001లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా తీసుకుంది. భవనం నిలబడింది, లైబ్రరీ నిలబడింది. మంచిదే. కాని జీతమిచ్చేవాణ్ణి నిలదీయడం ఎవరికైనా కష్టమే కదా! అందుచేత సర్కారు సంస్థలతోపాటు, విశ్వవిద్యాలయాల్లోనూ బయటా స్వతంత్రంగా పరిశీలించేవాళ్లు ఉండాలి. వాళ్లను పోషించే బాధ్యత సమాజానిది. సరిహద్దులో జవాను కాపలా కాస్తాడు. అతణ్ణి అక్కడికి పంపిన నిర్ణయం సరైనదా కాదా అని చూసే కాపలా చదువుకున్న మనది.