అచ్యుతప్ప శెట్టిగారి చరిత్రము

నెల్లూరు సీమకు దక్షిణమున, ప్రళయకావేరి సరస్సు కడలిఁ గలియు పులికాటు రేవున డచ్చివారు 1613లో గెల్డ్రియా కోటను నెలకొల్పిరి. మన బలిజకులమునకు వన్నె దెచ్చిన అచ్యుతప్ప శెట్టిగారు వారికి దుబాసియు, వస్త్రములు సమకూర్చు వర్తకుఁడునై, స్వంత యోడలను బంగాళాఖాతమున కావలి రేవులకుఁ బంపిరి.

ఆ రేవునందే డచ్చివారు తుపాకిమందు చేయించిరి. నాల్గింట మూఁడు పాళ్లు సురేకారము, శేషము గంధకమును బొగ్గును. ఈ మూఁటిని నూఱి కలిపి, తుపాకికిఁ దగిన కొలఁతను ఆ కాలమునఁ జేతితోఁ గూరవలసి యుండెను. కొలఁత మీఱిన గొట్టమే పగులును. కోటకును స్థానిక ప్రభువులకును నడుమ మెలఁగిన వర్తకునకును ఈ మితమే రక్షయని మేము తలంతుము.

1634లో శెట్టిగారు గతించిరి. తమ్ముఁడు చిన్నన్న శెట్టిగారు వ్యాపారమును మిగులఁ బెంచినను, కుటుంబమునఁ గలహము పొడమెను. ఐకమత్యము లేని సంపద నిలువదని మన యువకులకు విన్నవించుచున్నాము.