విలియం హంటర్ - గర్భస్థశిశు విజ్ఞానం

తల్లి రక్తం గర్భస్థశిశువు నాళాలలో నేరుగా ప్రవహించదు. ఈ సత్యాన్ని నిరూపించినవారిలో విలియం హంటర్ అగ్రగణ్యులు. శిశువు నాభినాడి తల్లి రసవహనాడితో సంబద్ధమై ఉంటుందని సుశ్రుతసంహిత శారీరస్థానం చెప్పింది. ఆ సంబంధ స్వరూపాన్ని శోధించిన జీవితం ఈయనది.

హంటర్ 1718 మే 23న స్కాట్లండులోని లాంగ్ కాల్డర్‌వుడ్‌లో జన్మించారు. మతాచార్యత్వం కోసం గ్లాస్గోలో ఆరంభించిన విద్యను విడిచి వైద్యం వైపు మరలి, 1740లో లండన్ చేరారు. 1746లో శరీరశాస్త్ర బోధన ప్రారంభించారు. 1748లో తమ్ముడు జాన్ సహాయకుడుగా వచ్చి చేరాడు. 1751లో నిండుగర్భంతో మరణించిన ఒక స్త్రీ దేహం లభించగా ఈ పరిశీలన మొదలైంది. నాభినాళాలలోకి రంగుమైనం ఎక్కిస్తే మావిలోని శిశుభాగమే నిండింది. గర్భాశయనాళాలలోకి ఎక్కిస్తే మాతృభాగమే నిండింది. నడుమనున్న పలుచని పొర గుండా పోషకాలు, ప్రాణవాయువు శిశువును చేరుతాయని, స్వల్పసంఖ్యలో కణాలు కూడ ఇరువైపులా దాటుతాయని తరువాతి శాస్త్రం తెలిపింది.

1764లో షార్లట్ రాణికి వైద్యులైన హంటర్, 1774లో సగర్భ గర్భాశయ శరీరనిర్మాణ గ్రంథాన్ని 34 చిత్రఫలకాలతో ప్రకటించారు. చిత్రాలలో అధికభాగం యాన్ వాన్ రీమ్స్‌డైక్ రచనలు. లాటిన్, ఆంగ్ల పాఠాలు రెండూ అందులో ఉన్నాయి. పండితభాషను విడువక దేశభాషను చేర్చిన ఈ పద్ధతి గమనింపదగినది.

1780లో మావి రహస్యాన్ని కనుగొన్నది తానేనని జాన్ రాయల్ సొసైటీ ఎదుట వాదించాడు. ఆ వివాదం సోదరులను విడదీసింది. 1783 మార్చి 30న హంటర్ మరణించారు. ఆయన సేకరణలతో 1807లో గ్లాస్గోలో ప్రదర్శనశాల వెలసింది. ఈ జ్ఞానానికి తమ దేహాలే ఆధారమైన తల్లుల పేర్లు మాత్రం ఆ గ్రంథంలో లేవు.